హెచ్-ఇండెక్స్ 58 ఉన్న గైడా, 17 ఉన్న గైడా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అంటువ్యాధుల మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నారు. గైడ్‌గా ఉండటానికి ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకరికి 300 పైగా పేపర్లు, హెచ్-ఇండెక్స్ (పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె) 58. ఇంకొకరికి 40 పేపర్లు, 17. పెద్ద అంకె ఉన్నాయన దగ్గరే చేరమని అందరూ అంటున్నారు, మీకేమో ఎటూ తేలడం లేదు.

నేను ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ప్రమోషన్ ఫైళ్లు కదిలినప్పుడల్లా డాక్టర్ల పేపర్లు, సైటేషన్ల (అంటే వాటిని ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయన్న) లెక్క తీసిపెట్టేది మేమే. ఆ అనుభవంతో చెప్తున్నాను, 58ని 17 పక్కన పెట్టి పోల్చి లాభం లేదు.

అసలు ఆ అంకె ఆ మనిషిదేనా అన్నది ముందు చూడాలి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, డేటాబేస్ చివరి ముక్కను ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో రాష్ట్రంలో ఉన్న రావులు, రెడ్లు అందరూ ఒకే గూటికి చేరతారు. ఒకసారి ఒక మైక్రోబయాలజీ ప్రొఫెసర్ గారి గూగుల్ స్కాలర్ పేజీ తెరిస్తే, టీబీ పేపర్ల మధ్యలో రొయ్యల చెరువుల మీద నాలుగైదు పేపర్లు కనిపించాయి. అవి ఇంకో రావు గారివి. ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉంటే దానితో సరిచూసుకోండి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, ప్రీప్రింట్లను (జర్నల్ సమీక్ష కాకముందే బయటపెట్టే పేపర్లను) కూడా లెక్కేస్తుంది కాబట్టి స్కోపస్ అనే డేటాబేస్ కంటే అక్కడ అంకె సాధారణంగా ఎక్కువే ఉంటుంది. ఇద్దరివీ ఒకేచోట చూడండి.

హెచ్-ఇండెక్స్ 17 అంటే కనీసం 17 సార్లు చొప్పున ఉదహరించబడిన పేపర్లు 17 ఉన్నాయని. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన లెక్క ఇది. వయసుతో పాటు పెరుగుతుందే గానీ తగ్గదు. వందల మంది రచయితలున్న అంతర్జాతీయ పేపర్‌లో 212వ పేరు మీదైనా, మొదటి పేరు మీదైనా దీనికి ఒకటే. ఏ జబ్బు మీద పనిచేస్తున్నారన్నది కూడా తేడా తెస్తుంది. కోవిడ్ మీద 2020లో రాసిన కొన్ని పేపర్లకు నెలల్లోనే వందల సైటేషన్లు వచ్చిపడ్డాయి. లెప్టోస్పైరోసిస్ మీద పదేళ్లు కష్టపడ్డా అన్ని రావు, ఎందుకంటే ఆ జబ్బు మీద రాసేవాళ్లే తక్కువ.

పైగా ప్రతి సైటేషనూ మెచ్చుకోలు కాదు. కోవిడ్‌కు వాడి చూసిన మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద, సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాతో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2020 మే 22న ఒక పేపర్ వచ్చింది. ఆ డేటాను బయటివాళ్లు సరిచూసే వీలు లేదని తేలి, జూన్ 4న దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కూడా దాన్ని ఉదహరించేవాళ్లు ఉదహరిస్తూనే ఉన్నారు. కొందరు తప్పును ఎత్తిచూపడానికి, కొందరు వెనక్కి తీసుకున్న సంగతే గమనించక.

ఇక మీరు తప్పక చదవాల్సిన మనిషి శంభునాథ్ డే. కలకత్తాలో పాథాలజిస్టు. కలరా క్రిమి మనిషిని ఎలా చంపుతుందన్నది అప్పట్లో తేలని ప్రశ్న. 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ అదే కలకత్తాకు వచ్చి, ఆ క్రిమి ఏదో విషం వదులుతుందని అన్నాడు గానీ ఎవరూ చూపించలేకపోయారు. డే కుందేలు చిన్నపేగులో ఒక ముక్కకు రెండు చివర్లా దారంతో ముడివేసి, ఆ మధ్యలోకి కలరా క్రిముల కల్చర్ (వాటిని పెంచిన ద్రవం) ఎక్కించాడు. మర్నాటికి ఆ ముక్క నీటితో ఉబ్బిపోయింది, అచ్చం కలరా రోగికి అయ్యే బియ్యం కడుగు లాంటి ద్రవంతో. ఇది 1953 పేపర్. 1959లో ఇంకో మెట్టెక్కి, క్రిములన్నిటినీ వడకట్టేసిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించినా పేగు అలాగే ఉబ్బుతుందని నేచర్ పత్రికలో ప్రచురించాడు. రెండే పేజీలు. అంటే క్రిమి కాదు, అది వదిలే విషమే నీళ్లను లాగుతోందన్నమాట.

ఇంత పెద్ద విషయాన్ని మొదటి కొన్నేళ్లు దాదాపుగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ప్రమోషన్ కమిటీ ముందు సైటేషన్ షీటు పెట్టాల్సి వచ్చి ఉంటే డే గారికి ఏం మార్కులు పడేవో మీరే ఊహించుకోండి. తర్వాత ప్రపంచమంతా ఆ ముడి పద్ధతినే వాడింది. ఇ-కోలై విరేచనాల మీదా అదే పనికొచ్చింది. 1978లో కలరా మీద జరిగిన నోబెల్ సింపోజియంకు ఆయన్ని పిలిచారు. నోబెల్ గ్రహీత, అమెరికన్ శాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు ప్రతిపాదించాడు. మన దేశంలో మాత్రం ఏ సైన్స్ అకాడమీ ఆయన్ని ఫెలోగా ఎన్నుకోలేదు. 1985లో ఆయన పోయాక, మరుసటి ఏడాది ఆయన పేపర్ల ప్రభావం మీద వివరంగా వ్యాసం రాసింది ఎవరో తెలుసా? యూజీన్ గార్ఫీల్డ్. సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను మొదలుపెట్టిన మనిషే. ఆయన ఊరికే మొత్తం కూడి చెప్పలేదు, ఏ పేపర్‌ను ఎప్పుడు, ఎవరు, ఏ పని కోసం పట్టుకున్నారో గీసి చూపించాడు.

మీరూ చేయాల్సింది అదే, చిన్నగా. ఇద్దరి పేపర్లలోనూ ఎక్కువ సైటేషన్లున్న ఐదింటిని తెరవండి. అందులో గైడ్ పేరు చివర ఉండి, మొదటి పేరు ఆయన విద్యార్థిది అయిన పేపర్లు ఎన్నో చూడండి. అలాంటి పేపర్‌ను ఉదహరించిన రెండు మూడు పేపర్లలో ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి. ఉపోద్ఘాతంలో పదిమందితో కలిపి బ్రాకెట్లో పడేశారా, లేక పద్ధతుల విభాగంలో 'వీళ్లు చేసినట్టే చేశాం' అన్నారా? రెండోది దొరికితే నా లెక్కలో అది పది సైటేషన్ల పెట్టు.

తర్వాత పాత విద్యార్థుల్లో ఒకరికి ఫోన్ చేసి, థీసిస్‌కు ఎన్నేళ్లు పట్టిందో, గైడ్ డ్రాఫ్ట్ చదివి ఎన్నాళ్లకు తిరిగిచ్చేవారో అడగండి. 300 పేపర్లు ఉన్న ఆయన విషయంలో ఈ రెండో ప్రశ్న తప్పకుండా అడగండి.