కుంటే ఎద్దుకు ముందు గిట్ట చూడండి, సూది తర్వాత

ప్రశ్న: మా ఒంగోలు ఎద్దు ఆరు పళ్లది. నాడాలు కొట్టించిన మూడో రోజు నుంచి కుడి ముందు కాలు కుంటుతోంది. వాతమని మందుల షాపులో ఏసిక్లోఫెనాక్ అనే నొప్పి సూది ఇచ్చారు. ఐదు రోజులుగా వేస్తున్నాం. వేసిన పూట బాగా నడుస్తోంది, తెల్లారితే మళ్లీ కుంటుతోంది. రెండు రోజులుగా మేత తగ్గింది, పేడ నల్లగా వేస్తోంది. వచ్చే నెల బండలాగుడు పందేలు. డోసు పెంచవచ్చా?
– ఓ రైతు, టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: పెంచకూడదు. ఈ పూట నుంచే ఆపేయండి. ఇది వాతం కాదు. నాడా మేకు గిట్ట లోపలి మెత్తని కండలోకి దిగి, చీము పట్టి ఉంటుందని నా అనుమానం. గిట్ట మీద చెయ్యి పెట్టి మిగతా కాళ్లతో పోల్చండి, వేడి తెలుస్తుంది. మేకు పక్కన పటకారుతో నొక్కితే కాలు లాగేసుకుంటుంది. డాక్టరు చేత నాడా తీయించి, చీము వదిలించి, ధనుర్వాతం సూది వేయించండి. తర్వాత రోజూ చిటికెడు పర్మాంగనేట్ కలిపిన నీళ్లతో కడిగి, టింక్చర్ అయోడిన్ పెట్టి, పొడి నేల మీద కట్టేయండి.

కాలి కంటే ఆ నల్ల పేడ నన్ను ఎక్కువ భయపెడుతోంది. నొప్పి మందు ఎక్కువైతే కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది. కంటి రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా పశు అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఇక ఆ షాపు సంగతి. పశువులకు ఏసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అమ్మకాన్ని కేంద్రం 2023 జులైలోనే నిషేధించింది. డైక్లోఫెనాక్‌పై 2006 నుంచే నిషేధం ఉంది. ఏసిక్లోఫెనాక్ పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చస్తాయి. మనుషుల సీసాలు పశువులకు వాడుతున్నారనే 2015లో డైక్లోఫెనాక్ సూదిమందు సీసాను 3 మి.లీ.కు కుదించారు. అయినా కౌంటర్ మీద డాక్టరు చీటీ అడగకుండా ఇచ్చేస్తున్నారు! అమ్మేవాడు గిట్ట ఎత్తి చూశాడా?

రాబందులకు హాని చేయని నొప్పి మందు మెలాక్సికామ్ ఉంది. కిలో బరువుకు 0.5 మి.గ్రా. చొప్పున 400 కిలోల ఎద్దుకు 200 మి.గ్రా., అంటే మి.లీ.కు 5 మి.గ్రా. ఉండే సీసాలోంచి 40 మి.లీ., రోజుకు ఒక్కసారే. అదీ డాక్టరు రాస్తేనే. మీ ఎద్దుకు పేడ మామూలయ్యే దాకా ఇదీ వద్దు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి అసలే వేయించకండి.

ఈసారి పందెం మానుకోండి. నొప్పి తెలియకుండా చేసి బండ లాగిస్తే గిట్ట ఊడిపోతుంది. వాడిన ఖాళీ సీసాలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. ఏ మందు ఎంత పడిందో తెలిస్తేనే కడుపు పుండుకు వైద్యం సాగుతుంది.