రాసిన పైసలు ఎప్పుడొస్తాయో తెలియని ఇంటి లెక్క

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. నా వయసు 34. రెండేళ్ల కిందటి వరకు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. జీతం 22 వేలు, అదీ ఏడాదికి పది నెలలే. అది మానేసి ఇంటి నుంచే ఫ్రీలాన్స్ రైటర్‌గా పని చేస్తున్నాను. ఇంగ్లిష్ నుంచి అనువాదాలు, వెబ్‌సైట్లకు కంటెంట్, యూట్యూబ్ ఛానళ్లకు స్క్రిప్టులు రాస్తాను. పోయిన ఆర్థిక సంవత్సరంలో నా ఖాతాలో మొత్తం 4,86,000 పడ్డాయి. ఒక కంపెనీ టీడీఎస్ కింద, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను కింద, ఇంకో 21 వేలు కోసుకుంది. నేను ఆదాయపు పన్ను రిటర్న్ వేయలేదు. ఒక నెల 70 వేలు వస్తే మరో నెల 6 వేలే. మా ఆయన మెడికల్ షాపులో చేస్తారు, జీతం 18 వేలు. పాప మూడో తరగతి. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 38 వేలు, నెట్, లాప్‌టాప్ కిస్తీ లాంటి నా పని ఖర్చు 4 వేలు. మామయ్యగారి ఆపరేషన్‌కు తెచ్చిన లక్షా ఇరవై వేలకు రెండు రూపాయల మిత్తి కడుతున్నాం. క్రెడిట్ కార్డు మీద 60 వేలు ఉంది, దానికి నెలకు మూడున్నర శాతం పడుతోంది. నాకు రావాల్సినవి 1,10,000 బయట ఉన్నాయి. అందులో 45 వేలు ఐదు నెలల కిందటివి. అన్నయ్య 5 లక్షల చిట్టీ వేసి, ముందే పాడుకొని అప్పులు తీర్చేయమంటున్నాడు. స్నేహితురాలు ఎస్ఐపీ, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పొదుపు, మొదలుపెట్టమంటోంది. ఇంట్లోవాళ్లు మళ్లీ కాలేజీలో చేరమంటున్నారు. ఇంట్లో రెండు తులాల గొలుసు తప్ప వేరే ఆస్తి లేదు. ఈ టెన్షన్‌లో రాయడానికి కూడా కూర్చోలేకపోతున్నాను. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివి కాగితం మీద లెక్క వేశాను. కాలేజీలో మీకు ఏడాదికి వచ్చింది 2,20,000. ఇప్పుడు పని ఖర్చులు తీసేసినా 4,38,000 మిగులుతోంది. అంటే నెలకు సగటున 36,500. మీ ఆయన జీతం కలిపితే 54,500. ఇంటి ఖర్చు 38 వేలు. ఈ లెక్కన నెలకు 16,500 మిగలాలి. రాయడం మొదలుపెట్టి మీరు తప్పు చేశారని ఇంట్లో ఎవరైనా అంటే ఈ నాలుగు అంకెలు చూపించండి.

మరి అప్పు ఎందుకు తగ్గడం లేదు? లక్షా ఇరవై వేలకు నెలకు 2,400, కార్డుకు 2,100. ఇలాగే నడిస్తే ఏడాదికి 54 వేలు మిత్తికే పోతాయి. కార్డు మిత్తి మీద జీఎస్టీ వేరే. మీ రాబడి 4,86,000లో ఇది సరిగ్గా తొమ్మిదో వంతు. మీరు తొమ్మిది పేజీలు రాస్తే అందులో ఒక పేజీ అప్పిచ్చినవాళ్ల కోసం రాస్తున్నారు. మిత్తి పోను కూడా ఏడాదికి 1,44,000 మిగలాలి. అది ఎటు పోయిందో మీ ఉత్తరంలో లేదు. నా అనుభవం కొద్దీ చెబుతున్నాను, అది 70 వేలు వచ్చిన నెలల్లో పోయి ఉంటుంది. పైసలు కనబడగానే ఆగిపోయిన ఖర్చులన్నీ ఒకేసారి లేస్తాయి. తర్వాత 6 వేల నెల రాగానే కార్డు తీస్తాం. ఇది మీ ఒక్కరి కథ కాదు, నా దగ్గరికి వచ్చే ఫోటోగ్రాఫర్లు, డిజైనర్లు, వకీళ్లు అందరిదీ ఇదే తీరు.

మా నాయన పరకాల దగ్గర పత్తి వేసేవాడు. మా ఇంటికి జీతం అనే మాట తెలియదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి పోయినప్పుడే పైసలు, మళ్లీ ఏరే దాకా ఏమీ ఉండవు. పత్తి అమ్మి వచ్చిన రోజు రాత్రే మా అమ్మ ఆ పైసలను వచ్చే వానకాలం దాకా నెలనెలకు విడదీసి కట్టేది. ఒక నెల మూట విప్పితే ఇంకో నెలది ముట్టనిచ్చేది కాదు. ఒక్క ఏడు ఆ పద్ధతి తప్పాం. పంట బాగా వచ్చిందని ముందే ఖర్చు చేసి, విత్తనాలకు అడ్తి వ్యాపారి దగ్గర అప్పు చేశాం. ఆ బాకీ తీరడానికి మూడేళ్లు పట్టింది. అందుకే చెబుతున్నాను, మీ ఆదాయాన్ని జీతంలా చూడకండి, పంటలా చూడండి.

దీనికి రెండు బ్యాంకు ఖాతాలు చాలు. ఎవరు పంపినా పైసలన్నీ ఒక ఖాతాలోనే పడాలి. దాన్ని ధాన్యం పోసి దాచే గుమ్మి అనుకోండి. దానికి ఏటీఎం కార్డు వద్దు, ఫోన్‌లో యూపీఐ వద్దు. ప్రతి నెల 1వ తారీఖున అందులోంచి 24 వేలు, అంటే ఇంటికి 20, మీ పనికి 4, రెండో ఖాతాకు పంపుకోండి. 70 వేలు పడ్డ నెలలోనూ 24 వేలే, 6 వేలు పడ్డ నెలలోనూ 24 వేలే. గుమ్మిలో మూడు నెలలకు సరిపడా, అంటే 72 వేలు ఎప్పుడూ ఉండే స్థితి వచ్చిందంటే మీకు నిద్ర పడుతుంది. మీ ఆయనతో కూర్చొని ఈ మాట ఒప్పించండి. ఇది ఒక్కరు పాటిస్తే నడవదు.

ఇక అప్పు. గొలుసు ఇంట్లో పెట్టుకొని కార్డుకు ఏడాదికి 42 శాతం కట్టడం నాకు అస్సలు నచ్చలేదు. ఈ వారమే దాన్ని బ్యాంకులో పెట్టి 60 వేలు తీసుకొని కార్డు మొత్తం కట్టేయండి. బ్యాంకు గోల్డ్ లోన్ మిత్తి కార్డుతో పోలిస్తే చాలా తక్కువ. తాళం వేసి ఉన్న గొలుసు పెట్టినందుకు బాధపడకండి, అది తిరిగొస్తుంది. తర్వాత మీకు రావాల్సిన 1,10,000, టీడీఎస్ 21 వేలు వస్తున్న కొద్దీ, గుమ్మిలో 40 వేలు ఉంచి మిగతాదంతా రెండు రూపాయల మిత్తి బాకీకి కట్టండి. అది 29 వేలకు దిగుతుంది. అప్పటి నుంచి నెలకు మిగిలే సొమ్ముతో ముందు అది, తర్వాత గొలుసు. అంతా వస్తే ఆరేడు నెలలు, సగమే వస్తే దాదాపు ఏడాది.

చిట్టీ వద్దు. మీ అన్నయ్య మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ చిట్టీ కిస్తీకి ప్రతి నెలా తారీఖు ఉంటుంది, మీ రాబడికి తారీఖు లేదు. మొదట్లోనే పాడుకుంటే చేతికి వచ్చేది బాగా తగ్గుతుంది, పైగా కంపెనీ కమీషన్ ఉంటుంది. చట్టం దానికి 7 శాతం దాకా ఒప్పుకుంటుంది. ఎత్తుకున్నాక ఒక్క నెల తప్పితే మీకు జామీను ఉన్నవాళ్ల ఇంటికి మనుషులు వెళతారు. చిట్టీ పైసల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను వరంగల్‌లో మీరూ చూసే ఉంటారు. ఎప్పుడైనా వేయాల్సి వస్తే రిజిస్ట్రార్ దగ్గర నమోదైన గ్రూపేనా అని చూసుకున్నాకే వేయండి.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్న సంగతి. మీకు రావాల్సిన 1,10,000. రచయితలు చాలామంది పని అడిగి తెచ్చుకోగలరు, చేసిన పనికి పైసలు అడగలేరు. అక్షరానికి ధర కట్టడమేంటని మనలో ఒక మొహమాటం ఉంది. కానీ ఆ అక్షరం మీ పాప ఫీజు. పని ఒప్పుకునేటప్పుడే ఈమెయిల్‌లో రాసుకోండి: ఎన్ని పదాలు, ఎంత ధర, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇస్తారు, మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి, పైసలు ఏ తారీఖుకు. కొత్తవాళ్లయితే మూడో వంతు ముందే అడగండి. అనువాదానికి పదాలను ఇంగ్లిష్ వైపు లెక్కపెడతారా తెలుగు వైపా అన్నది తప్పకుండా తేల్చుకోండి. ఇంగ్లిష్‌లో 'ఇన్ ది హౌస్' మూడు పదాలు, మనకు 'ఇంట్లో' ఒక్కటే. తెలుగు వైపు లెక్కిస్తే అదే పనికి పదాలు బాగా తగ్గిపోతాయి. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో ఉన్నదాన్ని, ఫోన్లలో, వెబ్‌లో చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి దిద్దడం, మెషిన్ చేసిన అనువాదాన్ని సరిచేయడం కూడా పనే. వాటికి పదం లెక్కన కాకుండా గంట లెక్కన అడగండి. మెషిన్ ముక్కలు దిద్దడానికి ఒక్కోసారి మొదటి నుంచి రాసినంత సమయం పడుతుంది. ఒక నెల పాటు ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో డైరీలో రాయండి. మీకు ఇష్టమైన క్లయింటే అన్నిటికంటే తక్కువ ఇస్తున్నాడని తేలవచ్చు.

తర్వాత, చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యం పోర్టల్‌లో నమోదు చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. డబ్బు అడిగే ఏజెంటు దగ్గరికి పోకండి. నమోదైతే మీరు చట్టం ప్రకారం ఒక సూక్ష్మ సంస్థ. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం మీ దగ్గర పని చేయించుకున్నవాళ్లు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల మిత్తి, అదీ నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రభుత్వ ఎంఎస్ఎంఈ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఇంకో సంగతి, 2023-24 నుంచి ఆదాయపు పన్ను నిబంధన మారింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు చెల్లించక, ఏడాది చివరికీ బాకీ ఉంచిన సొమ్మును కంపెనీలు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేవు. అందుకే బిల్లు మీద ఉద్యం నంబరు కనబడితే అకౌంట్స్ వాళ్లు దాన్ని కింద పెట్టరు. పాత బాకీలను కాదు, ఇకముందు చేసే పనులను దృష్టిలో పెట్టుకొని ఇది చేయండి.

ఆ 21 వేలు మీవే, వదలకండి. కంపెనీలు వృత్తి ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కోస్తాయి. మీ ఆదాయానికి కొత్త పన్ను విధానంలో రిబేటు పోను పన్ను సున్నా. రిటర్న్ వేస్తేనే ఆ సొమ్ము తిరిగొస్తుంది. గడువు తేదీ దాటినా డిసెంబరు 31 దాకా ఆలస్య రుసుముతో వేయవచ్చు, ఆదాయం 5 లక్షల లోపు ఉంటే ఆ రుసుము వెయ్యి రూపాయలే. నెట్ సెంటర్‌లో కాకుండా ఆడిటర్ దగ్గర చేయించుకోండి. ఎందుకంటే సినిమాలకు కథ, మాటలు, పాటలు రాసేవాళ్లకు రాబడిలో సగాన్నే లాభంగా చూపే వెసులుబాటు చట్టంలో ఉంది. అనువాదం, వెబ్ కంటెంట్ మాత్రం ఆ జాబితాలో పేరు పెట్టి లేవు. ఖర్చుల బిల్లులన్నీ దాచుకొని వెళ్లండి. రిటర్న్‌లు రెండు మూడేళ్లు వరసగా ఉంటేనే రేపు ఇంటి లోన్‌కైనా, టర్మ్ ఇన్సూరెన్స్‌కైనా మీ ఆదాయానికి రుజువు ఉంటుంది. జీఎస్టీ గురించి దిగులు పడకండి, సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే ఆ నమోదు.

ఎస్ఐపీ ఇప్పుడే వద్దు. 24 శాతం మిత్తి కడుతూ షేర్లలో అంతకంటే ఎక్కువ వస్తుందని ఆశపడటం కుదరదు. అప్పు తీరాక కూడా మీకు పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతా బాగా సరిపోతుంది. ఏడాదికి 500 వేసినా ఖాతా బతికే ఉంటుంది, మంచి నెలల్లో లక్షన్నర దాకా వేసుకోవచ్చు. అప్పటిదాకా బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా ఇద్దరూ తీసుకోండి. ఒక్కోదానికి 2 లక్షల కవర్. ఆసుపత్రి ఖర్చే మిమ్మల్ని అప్పులోకి దించింది కాబట్టి, ఆహార భద్రత కార్డు ఉందా లేదా ముందు చూసుకోండి. ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి 10 లక్షల దాకా వైద్యం ఉంది. లేకపోతే ఫ్యామిలీ హెల్త్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద జీఎస్టీ లేదు. ఏడాది ప్రీమియం గుమ్మి నిండుగా ఉన్న నెలలో కట్టేయండి.

కాలేజీకి తిరిగి వెళ్లాలా? పూర్తికాలం ఉద్యోగానికైతే వద్దంటాను. కానీ అప్పు తీరేదాకా వారానికి కొన్ని గంటలు గెస్ట్ క్లాసులు దొరికితే తీసుకోండి, లేదంటే మీ క్లయింట్లలో ఒకరిని నెలకు ఇంత పని, ఇంత సొమ్ము అని ఖాయం చేసుకోండి. ఏడాది రాబడిలో సగం కంటే ఎక్కువ ఒకే చోటి నుంచి రానివ్వకండి. ఆ తలుపు మూసుకుంటే ఇల్లు ఆగిపోతుంది. వచ్చే జూన్ నాటికి గుమ్మిలో 72 వేలు నిలవకపోతే మళ్లీ రాయండి, అప్పుడు ఉద్యోగం మాట మాట్లాడుకుందాం.

ఈ ఉత్తరం చదవగానే ఆ ఐదు నెలల 45 వేల గురించి మెయిల్ పెట్టండి. ఫోన్ చేస్తే 'వచ్చే వారం మేడమ్' అంటారు, మీరు సరేనంటారు. మెయిల్‌లో బిల్లు నంబరు, పని అప్పగించిన తేదీ, వాళ్లు 'బాగుంది' అన్న పాత మెసేజ్ ఫోటో పెట్టి ఈ రెండు వాక్యాలు రాయండి: "ఈ బిల్లు చెల్లింపు ఐదు నెలలుగా ఆగి ఉంది. ఏ తారీఖున జమ చేస్తారో రేపు సాయంత్రంలోగా తెలియజేయగలరు." ఆ తారీఖు వచ్చేదాకా వాళ్లు పంపిన కొత్త ఫైలు తెరవకండి.