బొమ్మ గట్టిగా ఉంటే చాలా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కి రెండేళ్లండీ, ఏ బొమ్మ తెచ్చినా అరగంటలో ముక్కలు చేసేస్తోంది, మొన్న ఒక ముక్క మింగేసింది కూడా. గట్టి బొమ్మ ఏది కొనాలి? పోనీ ఎముక ఇచ్చేయమంటారా?

జవాబు: ఎముక మాత్రం వద్దండీ, వండినదైతే అస్సలు వద్దు, అది చీలి సూదుల్లా గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. అలాగని మరీ రాయిలాంటి బొమ్మా మంచిది కాదు, కుక్కకి ఉన్న 42 పళ్లలో పైదవడ వెనక పెద్ద పన్ను ఇలాంటివి కొరికే విరుగుతుంది, ఆ నొప్పి అది చెప్పుకోలేదు పాపం. బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, కొంచెమైనా నొక్కు పడాలి. మందపాటి సహజ రబ్బరుది, లోపల తిండి కూరేది తీసుకోండి, నాకుతూ కూర్చుంటుంది కాబట్టి కొరుకుడు తగ్గుతుంది, కానీ రెండు వైపులా రంధ్రం ఉందో లేదో చూడండి, ఒకటే ఉంటే గాలి ఆడక నాలుక ఇరుక్కుపోతుంది. సైజు నోట్లో పూర్తిగా పట్టనంత ఉండాలి. తాడు బొమ్మలు, టెన్నిస్ బంతులు వద్దు, దారాలు పేగుల్ని ముడిచేస్తాయి, బంతి మీది నూగు పళ్లని అరగదీస్తుంది. అంచు ఊడటం మొదలైతే ఇంకొన్నాళ్లు చూద్దాం అనుకోకుండా పారేయండి. మొన్న మింగిన ముక్క సంగతి వెటర్నరీ డాక్టర్‌కి ఇవాళే చెప్పండి, వాంతులు, తిండి మానేయడం కనిపిస్తే గంట కూడా ఆగొద్దు.