పదేపదే ‘మొద్దు’ అంటే పిల్లలు నిజంగానే అలా తయారవుతారా?

తయారయ్యే ప్రమాదం చాలానే ఉంది, ముఖ్యంగా ఆ మాట రోజూ దగ్గరివాళ్ల నోటి నుంచే వస్తుంటే. ‘నేను ఎలాంటివాణ్ని’ అన్నది పిల్లలు చాలావరకు పెద్దల మాటల్లోంచే ఏరుకుంటారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ హోర్టన్ కూలీ 1902లో దీన్ని మూడు అంచెలుగా వివరించాడు: ఎదుటివారికి ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం, వాళ్లేమనుకుంటున్నారో ఊహిస్తాం, దాన్నిబట్టి గర్వమో సిగ్గో పడతాం. మొదటి రెండూ ఊహలే, అందుకే పైకి అనని మాట కూడా గుచ్చుకుంటుంది.

1975లో అచ్చయిన ఒక ప్రయోగం చూడండి. షికాగోలో అయిదో తరగతి పిల్లల్లో ఒక తరగతికి ‘మీరు శుభ్రంగా ఉండేవాళ్లు’ అని కొన్ని రోజులపాటు రకరకాలుగా చెప్పారు. ఇంకో తరగతికి ‘శుభ్రంగా ఉండాలి’ అని బోధించారు. చెత్త ఎక్కడపడితే అక్కడ పారేయడం ‘శుభ్రంగా ఉండేవాళ్లు’ అనిపించుకున్న పిల్లల్లోనే బాగా తగ్గింది, ఆ మార్పు తర్వాతా నిలిచింది.

‘మొద్దు’ అంటే రోషం వచ్చి చదువుతాడనుకోవడం పెద్ద పొరపాటు. ఎలాగూ రాదనుకున్న పిల్లవాడు ప్రయత్నమే మానేస్తాడు. పక్కనున్న బంధువులూ తోటిపిల్లలూ అదే పేరుతో చూడటం మొదలుపెడతారు, అది ఇంకా బాధాకరం. అలాగని ఉత్త పొగడ్త పనికిరాదు, తన మార్కులు తనకు తెలుసు కాబట్టి నమ్మడు. మనిషిని వదిలేసి పని గురించి చెప్పండి: “మూడో వరుసలో మైనస్ గుర్తు మర్చిపోయావు, అక్కణ్నుంచి మళ్లీ చెయ్యి.”