గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. పిల్లలకి వీణ నేర్పుతాను. నేనే బాణీ కట్టుకున్న లలితగీతం ఒకటి వీణ, తబలా, కీబోర్డుతో ఇంట్లోనే రికార్డు చేశాం. మా తమ్ముడు మిక్సింగు చేసి వాట్సాప్‌లో ఎంపీత్రీ పంపితే, దాన్ని ల్యాండర్, ఈమాస్టర్డ్, బ్యాండ్‌ల్యాబ్ అనే మూడు వెబ్‌సైట్లలోనూ వేసి మాస్టరింగ్, అంటే మిక్సింగు అయ్యాక పాటకి చివరి మెరుగులు, చేయించి చూశాను. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. అన్నిట్లోకీ గట్టిగా వినపడేదే బాగుందంటాడు తమ్ముడు. నాకేమో అందులో ‘శ్రీ’ అన్న చోటల్లా చెవిలో గుచ్చుతోంది. దేనికి డబ్బు కట్టమంటారు? ఆకాశవాణికి కూడా అదే ఫైలు ఇవ్వచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. విజయవాడ గవర్నరుపేటలో చిన్న గది పెట్టుకుని మాస్టరింగ్ చేసి బతికేవాణ్ణి నేను. ఈ వెబ్‌సైట్ల గురించి నన్నడగడమంటే హోటలువాణ్ణి ఇంటి భోజనం గురించి అడగడమే. ఆ మేరకు తగ్గించుకుని వినండి.

మీ తమ్ముడి తప్పేం లేదు. ఒకే పాటని రెండు డెసిబెల్స్ పెంచి వినిపిస్తే ఎవరికైనా రెండోదే నిండుగా అనిపిస్తుంది. నేనూ అలాగే పడ్డాను. కిందటి కార్తీకంలో ఒక భజన బృందం పాట తెచ్చి ‘రాత్రికల్లా కావాలి మాస్టారూ’ అన్నారు. టైము లేక ఒక ఆన్‌లైన్ సర్వీసులో వేశాను. ముందూ తర్వాతా ఎలా ఉందో ఆ సైటువాళ్లు పక్కపక్కన వినిపించారు. తర్వాతది అదిరిపోయింది, డబ్బు కట్టేశాను. పొద్దున ఏలూరు రోడ్డులో ఆటో ఎక్కి, డ్రైవరుతో చెప్పి అతని స్పీకర్లో పెట్టించా. తాళాలు ‘ఛంగ్’ మన్నప్పుడల్లా గొంతులు లోపలికి పోయి, మళ్లీ పైకి లేస్తున్నాయి. బెంజి సర్కిల్ దాకా కూడా రాలేదు, ‘కొంచెం తగ్గించమంటారా సార్’ అన్నాడతను.

జరిగిందేమిటంటే, పాటని గట్టిగా చెయ్యడానికి చివర్లో లిమిటర్ అని ఒకటి వేస్తారు. ఒక గీత దాటి లేచిన శబ్దాన్ని అది నొక్కేస్తుంది. తాళం దెబ్బ గీత దాటింది. తాళాన్నొక్కదాన్నే నొక్కడం దానికి చేతకాదు. దాని చేతిలో ఉన్నది ఎడమ, కుడి కలిపిన ఒకే ఫైలు కదా, పాట మొత్తాన్ని నొక్కింది. మీ ‘శ్రీ’ గొడవా ఇంచుమించు ఇదే. మెరుపు కోసం హైస్, అంటే సన్నటి పై శబ్దాలు, పెంచి ఉంటుంది. వీణ మీటుతో పాటు శ, స, ష కూడా పెరిగాయి. అది మిక్సింగులోనే, గొంతు ట్రాక్ ఒక్కదాని మీద డీఎస్సర్ (శ, స, ష ల గుచ్చుడు తగ్గించేది) వేసి సరిచెయ్యాల్సిన పని.

ఇంతకీ ఆ గట్టితనం వల్ల మీకొచ్చేది కూడా ఏమీ లేదు. స్పాటిఫై మామూలు సెట్టింగులో ప్రతి పాటనీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తమ్మీద ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ గట్టి) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్‌లో ఉంటే సుమారు మైనస్ 16. యూట్యూబ్ కూడా గట్టివాటిని తగ్గిస్తుంది. మీది మైనస్ 9తో పంపితే స్పాటిఫై దాన్ని అయిదు డెసిబెల్స్ కిందికి లాగుతుంది. అప్పుడు పక్క పాటకంటే గట్టిగా ఉండదు, నొక్కుడు మాత్రం మిగిలిపోతుంది. ఎడమ తబలా బరువైన నాదం (గుమ్కీ) ఊగాల్సిన చోట పీట మీద చేత్తో కొట్టినట్టుంటుంది.

కాబట్టి మళ్లీ మొదలుపెట్టండి. ఎంపీత్రీ అంటేనే కొంత కోసేసిన పాట, దాన్ని మాస్టరింగుకి ఇవ్వకూడదు. తమ్ముణ్ణి 24 బిట్ వేవ్ ఫైలు తియ్యమనండి. మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ ఉంటే తీసెయ్యాలి. పీకు, అంటే పాటలో అన్నిటికంటే పైకి లేచిన చోటు, మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరుంటే చాలు. మూడు సైట్ల నుంచీ వచ్చినవాటిని, మాస్టరింగ్ చెయ్యని మీ మిక్సుని కూడా కలిపి, ఒకే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఎల్‌యూఎఫ్‌ఎస్ మీటరు చూస్తూ అన్నింటినీ అన్నిట్లోకీ నెమ్మదిగా ఉన్నదాని స్థాయికి దించాలి. తర్వాత తమ్ముడు ఏది ఏదో చెప్పకుండా నంబర్లతో వినిపించాలి. మీ మిక్సే నెగ్గినా ఆశ్చర్యపోకండి, నా గదిలో రెండుసార్లు అలాగే అయింది.

సర్వీసుల సంగతి. ల్యాండర్ మాంట్రియల్‌లో పుట్టింది, 2014 నుంచీ ఉంది. అందులో వార్మ్, బ్యాలెన్స్‌డ్, ఓపెన్ అని స్టైళ్లుంటాయి, లౌడ్‌నెస్ తగ్గించుకోవచ్చు. మీ వీణకి స్టైలు వార్మ్, లౌడ్‌నెస్ తక్కువలో పెట్టి చూడండి. ఈమాస్టర్డ్‌లో నాకు నచ్చింది ‘ఇలా ఉండాలి’ అని నమూనా పాట ఇవ్వగలగడం. అయితే కొత్త సినిమా పాటేదో ఇచ్చారనుకోండి, ఆ బేస్ అంతా తెచ్చి మీ వీణ మీద కుమ్మరిస్తుంది. వీణా గొంతూ ముందున్న పాటే ఇవ్వండి. బ్యాండ్‌ల్యాబ్ ఉచితం, స్టైలు ఎంచుకోవడం తప్ప మీ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు, అయినా ముందు దాంతోనే మొదలుపెట్టండి. తమ్ముడికి కంప్యూటరు పని వచ్చు కాబట్టి మ్యాచరింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా చూడమనండి, అదీ నమూనా పాటని బట్టే పనిచేస్తుంది.

ఒక్క పాటకి నెలనెలా చందా కట్టకండి. ‘శ్రీ’ సరిచేశాక లౌడ్‌నెస్ తగ్గించుకోనిచ్చే సైటులో ఒక్కసారికి కట్టండి. నా ఓటు ల్యాండర్‌కే, అదీ బొటాబొటీగా. మాస్టరింగ్ అయ్యాక వచ్చే ఫైల్లో పీకు మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకండి, స్ట్రీమింగ్ ఫార్మాట్‌లోకి మారేటప్పుడు అది ఇంకొంచెం పైకి లేస్తుంది. ఎనిమిది పాటల ఆల్బం అయితే మనిషి దగ్గరికే వెళ్లండి. పాటకీ పాటకీ మధ్య ఎత్తుపల్లాలు సరిచూడాలి. ఇది నా వ్యాపారం కోసం చెప్పడం లేదు, గుంటూరులోనూ ఆ పని చేసేవాళ్లున్నారు.

ఆకాశవాణికి మాత్రం ఆ గట్టి ఫైలు వద్దు. ప్రసారమయ్యే దారిలో స్టేషన్ల దగ్గర వాళ్ల లిమిటర్లు వాళ్లకుంటాయి, ఒకసారి నొక్కినదాన్ని అవి మళ్లీ నొక్కుతాయి. నెమ్మదిగా ఉన్న వేవ్ ఫైలు పెన్‌డ్రైవులో పట్టుకెళ్లి, ఏ ఫార్మాట్ కావాలో విజయవాడ కేంద్రంలోనే అడగండి.