ముందు మీ ఆయనతో మాట్లాడండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. 2001లో మావారి ఆఫీసు వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌లో, కింది అంతస్తుల్లో ఉండేది. సెప్టెంబర్ 11న మెట్లు దిగి, పడవెక్కి, ఒళ్లంతా బూడిదతో ఇల్లు చేరారు. రోజూ ఆయనతో కలిసి భోంచేసే స్నేహితుడు పై అంతస్తుల్లో పనిచేసేవాడు. అతను రాలేదు. నేనప్పుడు డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్నాను. అమ్మాయికి ఐదేళ్లు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆయన రాత్రులు నిద్రపోకుండా నోట్‌బుక్కులో ఏదో రాసుకునేవారు. చూడలేక ఆ నోట్‌బుక్కునీ, ఆ రోజు వేసుకున్న బూట్లనీ చెత్తలో పడేశాను. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తకూడదన్నాను. ఇప్పుడు అమ్మాయి కామిక్స్ గీస్తుంది. 25 ఏళ్లవుతున్న సందర్భంగా కొందరు ఆర్టిస్టులు వేస్తున్న పుస్తకానికి మా ఇంటి కథే గీసింది. నేను బాత్‌టబ్ దగ్గర కూర్చుని బూట్లు కడగడం, తర్వాత వాటిని నోట్‌బుక్కుతో సహా నల్ల సంచిలో వేయడం కూడా అందులో ఉంది. మావారు ఆ పేజీలు చూసి, ఒక్క మాటా అనకుండా గ్యారేజీలోకి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ముభావంగా ఉన్నారు. దేశానికొచ్చిన కష్టాన్ని బొమ్మల పుస్తకం చేయడం తప్పు కాదా? అమ్మాయికి ఒక సంబంధం కూడా మాట్లాడుతున్నాం. అబ్బాయివాళ్లు చూస్తే ఏమనుకుంటారు? దీన్ని ఆపేదెలా?

జవాబు: సంబంధం సంగతి ముందే తేల్చేస్తాను. పిల్ల గీసిన నాలుగు పేజీలు చూసి వెనక్కి తగ్గే ఇల్లయితే, ఆ ఇంటికి పిల్లనివ్వకపోవడమే మంచిది. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన అమ్మాయి, తన కాళ్ల మీద తను నిలబడింది. ఆమె చేసే పనిని దాచి పెళ్లి చేస్తే, అది రేపు అక్కడ బయటపడదా? ఈ విషయంలో ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

ఇక దేశం కష్టాన్ని బొమ్మల్లో గీయవచ్చా అన్నది. బొమ్మల కథంటే పిల్లలకే అనుకుంటాం కాబట్టి మీకది తప్పుగా తోచింది. టవర్లు కూలిన కొద్ది నెలలకే, 2002 మొదట్లో, అమెరికాలో ‘9-11: ఎమర్జెన్సీ రిలీఫ్’ అనే బొమ్మల కథల సంకలనం వచ్చింది. విల్ ఐస్నర్, హార్వీ పీకార్ లాంటి కామిక్స్ పెద్దలు కూడా అందులో ఉన్నారు. దాని మీద వచ్చిన డబ్బు అమెరికన్ రెడ్‌క్రాస్‌కి ఇవ్వాలని వేశారు. సూపర్‌హీరోల కంపెనీలూ పుస్తకాలు వేశాయి. నన్నడిగితే ఆ వీరుల బొమ్మల కంటే సొంత సంగతులు చెప్పుకున్న చిన్న కథలే మనసుకు పడతాయి. ఆ పొద్దున నేనెక్కడున్నాను, ఎవరికి ఫోన్ చేశాను, అది ఎందుకు కలవలేదు, టీవీ ముందు నుంచి ఎందుకు లేవలేకపోయాను, ఇలాంటివి. ఆ రోజు పోయినవాళ్లు 2,977 మంది అంటే బుర్ర మొద్దుబారిపోతుంది. ఒక ఇంట్లో ఒక మనిషికి ఏమైందో చెబితే అర్థమవుతుంది. మీ అమ్మాయి చేసింది ఆ పనే. అందులో అగౌరవం ఏమీ లేదు.

ఆర్ట్ స్పీగెల్‌మన్ అని ఒక పెద్ద కామిక్స్ కళాకారుడు. ఆయన ఇల్లు ఆ టవర్లకు దగ్గర్లోనే. కూతురు ఇంకా దగ్గర్లో ఉన్న స్టైవెసంట్ హైస్కూల్లో అప్పుడే చేరింది. ఆ పొద్దున ఆయనా, భార్యా పిల్లను తెచ్చుకోవడానికి బడికి పరుగెత్తారు. 2004లో వచ్చిన ‘ఇన్ ద షాడో ఆఫ్ నో టవర్స్’లో ఆ పరుగంతా గీశాడు. తన భయాన్నీ, కోపాన్నీ ఎక్కడా దాచుకోలేదు. అందులోనే తండ్రి మాట ఒకటి తెస్తాడు. ఆ తండ్రి ఆష్విట్జ్ అనే నాజీల మరణ శిబిరం నుంచి బతికి బయటపడ్డ యూదుడు. అక్కడి పొగ వాసన ఎలా ఉండేదని అడిగితే, చెప్పడానికి మాటల్లేవన్నాడట. టవర్లు కూలాక మాన్‌హాటన్ గాలి కూడా సరిగ్గా అలాగే ఉందంటాడు కొడుకు.

మీ ఉత్తరంలో నోట్‌బుక్కు దగ్గరికి వచ్చేసరికి నాకు ఆ తండ్రే గుర్తొచ్చాడు. స్పీగెల్‌మన్ అంతకుముందు గీసిన ‘మౌస్’ అనే బొమ్మల పుస్తకం ఆ తండ్రి చెప్పిన కథే. ఆ తండ్రి భార్య కూడా ఆష్విట్జ్ చూసిన మనిషి. తను పడ్డదంతా నోట్‌బుక్కుల్లో రాసిపెట్టుకుంది. ఆమె ఆత్మహత్య చేసుకున్నాక, ఆ జ్ఞాపకాలు భరించలేక ఆయన వాటిని తగలబెట్టేశాడు. అది తెలిసిన రోజు కొడుకు తండ్రిని హంతకుడివన్నాడు. అంత మాట మిమ్మల్ని నేను అనను. మీరూ భరించలేకే పడేశారు. కానీ రాసుకున్నది మీ ఆయన, పడేసింది మీరు.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నోట్‌బుక్కు పడేశానన్నారు గానీ, ఆ సంగతి ఆయనకు చెప్పానని ఎక్కడా రాయలేదు. దాని కోసం ఆయన ఎప్పుడూ వెతకలేదా? అడిగినప్పుడు ఏం చెప్పారు? అమ్మాయి మీద కోపంతో గ్యారేజీలోకి వెళ్లారని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. తన నోట్‌బుక్కు ఏమైందో ఆయనకు ఆ పేజీలోనే తెలిసి ఉంటుంది. పాతికేళ్ల తర్వాత, కూతురు గీసిన బొమ్మలో.

అందుకే సమస్య అమ్మాయీ కాదు, పుస్తకమూ కాదు. తేల్చుకోవాల్సింది మీరూ, మీ ఆయనా.

అప్పట్లో మీ పరిస్థితి నాకు తెలియక కాదు. మొదటి విమానం గుద్దేసరికి ఇక్కడ సాయంత్రం 6:16, దీపాలు పెట్టే వేళ. ఆ రాత్రంతా మన ఊళ్లలో ఎందరో తల్లిదండ్రులు ఫోను పక్కనే కూర్చున్నారు, లైన్లు కలవక. నాలుగు రోజులకే అరిజోనాలోని మేసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును ఆయన పెట్రోలు బంకు దగ్గరే కాల్చి చంపారు. ఆయన చేసిన నేరం తలపాగా చుట్టుకోవడం. మన రంగు మనుషులంతా తల వంచుకుని తిరిగిన రోజులవి. ఐటీ ఉద్యోగాలు ఊడిపోతున్నాయి, ఆయన ఉద్యోగం పోతే మీ ముగ్గురి వీసాలూ పోతాయి. ఆయన కుంగిపోతే సంసారం ఏమవుతుందోనని హడలిపోయారు. ఆ మాట ఎత్తవద్దన్నారు. కొన్ని నెలలకైతే అది తెలివైన పనే. కానీ దాన్ని ఇంటి కట్టుబాటు చేసి పాతికేళ్లు నడిపించారు.

భర్తను కనిపెట్టుకుని ఉండాలని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. నేనూ అది నమ్ముతాను. ఆయన ఏం గుర్తుంచుకోవాలో, ఏం మరిచిపోవాలో నిర్ణయించే అధికారం మాత్రం ఆ ధర్మంలో లేదు. సంపాదించే మగవాడికి ఇంట్లో కూర్చుని ఏడ్చే చోటు కూడా ఇవ్వాలి. మన ఇళ్లలో అది ఇవ్వం, ఇవ్వకపోవడమే గౌరవం అనుకుంటాం. దాని మీద నాకు చాలా కోపం.

ఆ ఉత్తర టవర్‌లో విమానం తగిలిన అంతస్తుల్లో, ఆ పైన ఉన్నవాళ్లలో ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. మెట్లు దిగి వచ్చిన మీ ఆయన ఆ స్నేహితుడి కోసం చేయగలిగింది ఏమీ లేదు. ఇది ఆయనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన తను దిగొచ్చాడు, అతను రాలేదు అన్న బాధ పోతుందా? ఆ అబ్బాయి పేరు మీ ఇంట్లో చివరిసారి ఎప్పుడు వినిపించింది? నాకు రాసిన ఉత్తరంలో కూడా మీరు ‘స్నేహితుడు’ అనే రాశారు.

అమ్మాయి లేని పూట చూసి ఆయన దగ్గర కూర్చోండి. నోట్‌బుక్కు నేనే పడేశానని మీ నోటితో చెప్పండి. ‘మీ మంచికే’ అన్న మాట రానివ్వకండి. మీరు బావురుమంటే ఆయన తన సంగతి పక్కనపెట్టి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, కాబట్టి నిబ్బరంగా ఉండండి. ఆయన కోప్పడితే పడనివ్వండి, లేచి వెళ్లిపోతే వెనకాలే వెళ్లకండి. తిరిగొచ్చాక, అందులో ఏం రాసుకున్నారని అడగండి. చెబితే వినండి. చెప్పకపోతే మరో రోజు అడగండి. ఆ స్నేహితుణ్ని పేరు పెట్టి అడగండి.

ఇంకో సంగతి. ఆ రోజు ఆయన ఊపిరితో ఎంత దుమ్ము పోయిందో ఎవరికి తెలుసు? దగ్గు, ఆయాసం, నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడి లేవడం ఉంటే వరల్డ్ ట్రేడ్ సెంటర్ హెల్త్ ప్రోగ్రాంలో పేరు నమోదు చేయించండి. అక్కడి ప్రభుత్వం ఆ రోజు అక్కడ పనిచేసినవాళ్ల కోసం కూడా పెట్టింది, 2090 వరకూ నడుస్తుంది. మనసుకు సంబంధించిన వైద్యం కూడా అందులో ఉంది. ఎవరేమనుకుంటారో అని వెనకాడకండి.

అమ్మాయికి కూడా నేను చెప్పేది ఒకటుంది. ఐదేళ్ల వయసులో తలుపు పక్కన నిలబడి చూసింది ఆమెది. అది గీయడానికి మీ అనుమతి అక్కర్లేదు, తండ్రి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆ మెట్ల మీద ఏం జరిగిందో, పడవలో ఎవరు ఏడ్చారో ఆమె చూడలేదు. అది ఊహించి గీస్తే తప్పే. తండ్రిని కూర్చోబెట్టి అడగాలి, ఆయన ఒప్పుకుంటేనే అచ్చుకు ఇవ్వాలి. ఎంత గొప్ప కళాకారిణి అయినా నాది ఇదే మాట. ఆయన వద్దంటే ఆ పేజీలు పక్కన పెట్టి, తను చూసినంత వరకే కథ ముగించమనండి.

ఆమె మిమ్మల్ని కూడా అడుగుతుంది. అప్పుడు మాట దాటేయకండి. ఆయన ఇల్లు చేరేదాకా మీరు ఫోను దగ్గర ఎన్ని గంటలు కూర్చున్నారో, ఇండియా నుంచి ఎవరు చేశారో, ఏమని చెప్పారో, పిల్లకు అన్నం ఎలా పెట్టారో చెప్పండి. ఇవేవీ దానికి తెలియవు. తెలియకే, కథలో మిమ్మల్ని బూట్లు కడిగే మనిషిగా మాత్రమే గీసింది.