నైట్ డ్యూటీ నర్సు చివరి నిమిషంలో రాలేనంటే ఏం చేయాలి?

నల్గొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్‌ఛార్జ్ సిస్టర్ అడిగిన ప్రశ్న ఇది: రాత్రి 8 గంటల డ్యూటీకి రాలేనని 6 గంటలకు ఫోన్ వస్తే ఎలా సర్దాలి?

ముందు ఏ వార్డు నర్సు లేకుండా నడవదో చూడండి, ఎవరు ఖాళీగా ఉన్నారో తర్వాత. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కు ఒక నర్సు ఉండి తీరాలి. లేబర్ రూమ్‌, క్యాజువాలిటీ కూడా అంతే. అందుకని జనరల్ వార్డులో ఐసీయూ పని తెలిసిన సిస్టర్‌ను అటు పంపి, ఆమె స్థానంలోకి మనిషిని వెతకండి. బయటి నుంచి వచ్చిన కొత్త నర్సును నేరుగా ఐసీయూలో నిలబెట్టకండి.

మధ్యాహ్నం 2 నుంచి 8 దాకా చేసినవాళ్లనే తెల్లారి 8 దాకా ఉంచితే 18 గంటలవుతుంది. ఆ అలసటలో ఇన్సులిన్ డోసులో పొరపాటు జరిగితే పేషెంట్ ప్రాణానికే ముప్పు. మరీ తప్పకపోతే, ఇంకొకరు వచ్చేదాకా వాళ్లను ఒకటి రెండు గంటలు ఉంచండి, తర్వాత ఇంటికి బండి ఏర్పాటు చేయండి.

అసలు రోస్టర్ వేసేటప్పుడే రోజుకొక స్టాండ్‌బై పేరు, అంటే ఎవరైనా రాకపోతే బదులు వచ్చేవాళ్ల పేరు రాయాలి. టౌన్‌లో ఉండేవాళ్లదైతే మేలు. దేవరకొండ నుంచో మిర్యాలగూడ నుంచో బస్సెక్కి రావాలంటే ఆ టైముకు అందుకోవడం కష్టం. వంతులు మాత్రం కచ్చితంగా పాటించండి. లేదంటే కాదనలేని సిస్టర్‌కే ప్రతిసారీ ఫోన్ వెళ్తుంది, అది చాలా అన్యాయం. మార్పును రిజిస్టర్‌లో ఎక్కించి, బదులు సెలవు తేదీ కూడా అప్పుడే రాసివ్వండి.